కవళ్లు లేని కడలి

నమీబియా తీరాన్ని ఆనుకుని ఉత్తరానికి సాగే బెంగ్వేలా ప్రవాహం ప్రపంచంలోని అత్యంత సారవంతమైన సముద్ర జలాల్లో ఒకటి. తీరం వెంబడి వీచే గాలి పైనీటిని నెట్టేస్తుంటే, అడుగునున్న చల్లటి నీరు పోషకాలను మోసుకుని పైకి ఉబుకుతుంది. ఆ నీటిలో కంటికి కనిపించని ప్లవకాలు కోటానుకోట్లుగా పెరుగుతాయి. వాటిని తిని బతికేవి సార్డీన్లు. మన మత్స్యకారులు కవళ్లు అని పిలిచే చేపలకు ఇవి దగ్గరి చుట్టాలు. నోరు బార్లా తెరిచి ఈదుతూ, మొప్పల దగ్గరి సన్నటి పళ్లతో నీటిని వడగట్టి కడుపు నింపుకుంటాయి. వీటిని తిని పెద్ద చేపలు, సీళ్లు, పెంగ్విన్లు, గానెట్ పక్షులు బతుకుతాయి. 1960ల నడుమ అక్కడి సార్డీన్ల రాశి కోటి టన్నుల పైమాటేనని అంచనా.

2003లో శాస్త్రవేత్తలు అదే సముద్రాన్ని సర్వే చేశారు. అన్ని రకాల చేపలూ కలిపి 36 లక్షల టన్నులు తేలితే, జెల్లీ ఫిష్‌లు 1.22 కోట్ల టన్నులు తేలాయి.

మధ్యలో జరిగింది మితిమీరిన వేట. నమీబియా అప్పట్లో దక్షిణాఫ్రికా పాలనలో ఉంది. వాల్విస్ బే రేవులో డబ్బా చేపల ఫ్యాక్టరీలు, చేపల పొడి ఫ్యాక్టరీలు జోరుగా నడిచాయి. అవి చాలవన్నట్లు సముద్రం మీదే చేపను పొడి చేసే ఓడలు దిగాయి. 1968లో సుమారు 14 లక్షల టన్నుల సార్డీన్లను పట్టేశారు. 1980 వచ్చేసరికి పట్టుబడి పదివేల పైచిలుకు టన్నులకు పడిపోయింది.

ఇంత పతనం వస్తుంటే ముందే కనిపెట్టలేకపోయారా అన్న ప్రశ్నకు జవాబు ఆ చేప స్వభావంలోనే ఉంది. సార్డీన్లు గుంపుగా తిరుగుతాయి. కోటి టన్నులున్నా గుంపే, లక్ష టన్నులున్నా గుంపే. సంఖ్య తగ్గే కొద్దీ గుంపులు తగ్గుతాయి తప్ప, ఒక్కో గుంపు అంతగా పలచబడదు. గుంపు మొత్తాన్ని చుట్టేసే వలకు, దాని జాడ పట్టే పరికరాలు తోడైతే, ఆఖరి గుంపుల దాకా పడవ నిండుతూనే ఉంటుంది. రేవుకు చేరే బరువును బట్టి సముద్రంలో మిగిలింది లెక్కగట్టిన వాళ్లు అందుకే మోసపోయారు.

సార్డీన్లు తగ్గాక తీసుకున్న నిర్ణయం మరీ ఘోరం. వాటికి తిండిలో పోటీ వస్తున్నది నెత్తళ్ల జాతి చేపలేనని, వాటిని పట్టేస్తే సార్డీన్లు పుంజుకుంటాయని కొందరు నమ్మారు. సన్న కన్ను వలలతో నెత్తళ్ల వేట మొదలైంది. ఆ వలల్లో సార్డీన్ పిల్లలూ పడ్డాయి. చివరికి రెండూ పోయాయి. ప్లవకాలు అలాగే ఉన్నాయి, తినే చేప లేదు. ఆ ఖాళీలోకి జెల్లీ ఫిష్‌లు వచ్చాయి. అవి చేపల మేతను తింటాయి, చేపల గుడ్లనూ పిల్లలనూ కూడా తింటాయి. ఒకసారి తిష్ఠ వేశాక పాత చేపను తిరిగి రానివ్వకపోవడానికి ఈ రెండూ చాలు. నమీబియా తీరంలో వాటి బరువుకు వలలు చిరిగాయి, విద్యుత్ కేంద్రాల నీటి గొట్టాలు మూసుకుపోయాయి, సముద్రపు అడుగున వజ్రాలు తవ్వే యంత్రాలకూ అవి అడ్డం పడ్డాయి.

ఇది ప్రకృతి రాసిపెట్టిన రాతేమీ కాదనడానికి పక్కనే సాక్ష్యముంది. అదే ప్రవాహపు దక్షిణ భాగం దక్షిణాఫ్రికా జలాల్లో సాగుతుంది. అక్కడా 1960లలో సార్డీన్లు కుప్పకూలాయి. కానీ నెత్తళ్ల జాతి నిలిచింది, సార్డీన్ల పని అది అందుకుంది. అక్కడ జెల్లీ ఫిష్‌ల ఆధిపత్యం రాలేదు. ప్లవకాలకూ పెద్ద జీవులకూ నడుమనున్న మధ్య మెట్టులో ఏదో ఒక చిన్న చేప మిగలడానికీ, ఏదీ మిగలకపోవడానికీ ఉన్న తేడా అది.

నమీబియాలో ఆ మధ్య మెట్టును కొంతవరకు ఆదుకున్నది జానెడు కూడా లేని గోబీ అనే చేప. పగలంతా ఆక్సిజన్ దాదాపు లేని అడుగు బురదలో దాక్కుంటుంది. ఏ శత్రువూ అక్కడికి రాలేదు. రాత్రి పైకి లేచి జెల్లీ ఫిష్‌ల మధ్యకు పోతుంది, వాటినే తింటుంది కూడా. ఈ సంగతి బయటపెట్టిన 2010 నాటి పరిశోధన శాస్త్రవేత్తలకే విస్మయం కలిగించింది. అయితే గోబీలో ఉండే శక్తి, అదే బరువు సార్డీన్‌తో పోలిస్తే దాదాపు సగమే. ఎగరలేని పెంగ్విన్, దీవి మీద పిల్లల్ని వదిలి ఎంతో దూరం పోలేదు. కష్టపడి తెచ్చిన తిండిలో సత్తువ లేకపోతే పిల్ల ఎదగదు. ఆఫ్రికా పెంగ్విన్‌ను 2024 అక్టోబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చింది. గూళ్లు పెట్టే జంటలు పదివేల లోపే మిగిలాయి.

ఆ తీరంలో అప్పుడప్పుడూ కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది. అడుగున పేరుకుని కుళ్లిన ప్లవకాల నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ పైకి తన్నుకొస్తుంది. తినే సార్డీన్లు లేకపోవడంతో మిగిలిపోయిన ప్లవకాలు దీన్ని పెంచుతున్నాయన్నది 2004లో ఇద్దరు శాస్త్రవేత్తలు చేసిన ప్రతిపాదన. ఇంకా రుజువు కావలసిందే అయినా, ఒక చేప పోతే నీటి రసాయనమే మారవచ్చన్న ఆ ఆలోచనను తేలిగ్గా తీసిపారేయలేం.

వేట ఆపితే అన్నీ సర్దుకుంటాయా? 1990లో స్వాతంత్ర్యం రాగానే నమీబియా విదేశీ ట్రాలర్లను తరిమేసింది. హేక్ అనే చేప కొంత కోలుకుంది. సార్డీన్ కోలుకోలేదు. 2018లో దాని వేటపై మూడేళ్ల పూర్తి నిషేధం పెట్టాల్సి వచ్చింది. కెనడా అనుభవమూ ఇంతే. న్యూఫౌండ్‌లాండ్ దగ్గర 1968లో 8 లక్షల టన్నుల కాడ్ చేపను పట్టారు. 1992 జులైలో వేట ఆపేస్తే సుమారు 30 వేల మంది ఉపాధి పోయింది. 32 ఏళ్ల తర్వాత, 2024లో మళ్లీ వాణిజ్య వేటకు అనుమతించిన పరిమాణం 18 వేల టన్నులు.

ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2024 నివేదిక ప్రకారం అంచనా వేసిన చేపల నిల్వల్లో 37.7 శాతం మితిమీరిన వేటకు గురయ్యాయి. 1974లో ఇది 10 శాతం.

బంగాళాఖాతం బెంగ్వేలా కాదు. ఇక్కడ జాతులు ఎక్కువ. ఒక చేప పోతే ఆ లోటు అంత త్వరగా బయటపడదు. వేట ఒక్కటే కారణమనీ చెప్పలేం: కేరళలో కవళ్లు పడిపోవడంలో సముద్రం వేడెక్కడానికీ పెద్ద పాత్ర ఉంది. అయినా నమీబియాను కూల్చిన రెండు ఒత్తిళ్లు తెలుగు తీరానికి తెలిసినవే. ఒకటి చేపల పొడి. రొయ్యల సాగులో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, ఆ రొయ్యల మేతలో చేపల పొడి ఉంటుంది. రెండోది గుంపును చుట్టేసే రింగు వల. 2022 జనవరిలో విశాఖ తీరంలో ఈ వలల గొడవ పడవలు తగలబెట్టుకునేదాకా వెళ్లింది. తీరానికి ఎంత దూరంలో వేయాలి, వల కన్ను ఎంత ఉండాలి అన్నదే అప్పటి తగాదా. నీటిలో ఎంత చేప మిగలాలన్న మాట అందులో వినిపించలేదు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట నిషేధం ఉంది. గుడ్లు పెట్టే కాలాన్ని కాపాడటానికి అది అవసరమే. మిగతా పది నెలల్లో ఎంత పట్టవచ్చో మాత్రం అది చెప్పదు. కాలాన్నే కాక చోటునూ, చేప సైజునూ నియంత్రించిన ఉదాహరణలున్నాయి. దక్షిణాఫ్రికాలో 2025 మార్చిలో ప్రిటోరియా హైకోర్టు ఉత్తర్వుతో ఆరు పెంగ్విన్ స్థావరాల చుట్టూ సార్డీన్, నెత్తళ్ల వాణిజ్య వేటను పదేళ్లపాటు ఆపారు. పక్షులు మేత వెతికే చోట్ల పడవలను దూరం పెట్టారు. కేరళ 2015లో పది సెంటీమీటర్లలోపు కవళ్లను పట్టకూడదని నిబంధన పెట్టింది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు విశాఖలోనే ప్రాంతీయ కేంద్రం ఉంది. కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు ఎంత మిగిలాయో, వంజరం లాంటి పెద్ద చేపల తిండికి ఎంత వదలాలో ఆ సంస్థ చేత ఏటా లెక్క కట్టించి, రింగు వలల అనుమతులను ఆ లెక్క చేతికొచ్చాకే ప్రభుత్వం ఖరారు చేయాలి.