తాళంచెవి ఎవరి చేతిలో ఉన్నది?

ఛందస్సూ వ్యాకరణమూ బోధించుకొనేవారికి విద్యుత్ గేటుతో ఏమి పని అని మిత్రులు కొందరు మమ్ము పరిహసించినారు. వారి పరిహాసం సహజమే. కాని గేటు అనేది ఒక్క భౌతికశాస్త్ర విభాగానికి చెందిన వస్తువు కాదు. దాని గుండా మనమందరమూ ప్రతిదినం లోనికి వస్తున్నాము, వెలుపలికి పోతున్నాము. అది ఎవరిని రానిస్తున్నది, ఎవరిని ఆపుతున్నది, ఎవరి చేతి మాట వింటున్నది అనేవి అందరూ ఆలోచించవలసిన ప్రశ్నలు. అందుకే సాహసించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఈ విద్యా సంవత్సరంలో మన కళాశాల ప్రధానద్వారానికి స్వయంచాలక గేటు అమర్చబడిన సంగతి పాఠకులకు తెలిసినదే. పాలకవర్గం వారి సదుద్దేశాన్ని మేము శంకించడం లేదు. రద్దీగల రహదారి ప్రక్కన వందలాది విద్యార్థినీ విద్యార్థులున్న విద్యాలయానికి భద్రత అవసరం. గేటు వచ్చినందుకు సంతోషమే. అయితే గేటు రావడం వేరు, గేటు మనదగుట వేరు. ఈ రెండింటి మధ్య ఎంత దూరమున్నదో చెప్పడమే మా ఉద్దేశం.

గేటును అమర్చిన దినాన మేము కుతూహలంతో దగ్గర నిలిచి చూచినాము. ప్రక్కకు జరిగే గేటు అడుగుభాగాన ఇనుప పళ్ళపట్టీ ఒకటి. మోటారుకున్న పళ్ళచక్రం ఆ పట్టీని పట్టుకొని గేటును ఇటూ అటూ నడుపుతుంది. గేటు ఎక్కడ ఆగవలెనో చెప్పడానికి రెండు చివరలా లిమిట్ స్విచ్‌లు ఉంటాయి. వీటన్నిటికీ ఆజ్ఞలిచ్చేది డబ్బాలోపలి చిన్న పలక. దానినే కంట్రోల్ బోర్డు అంటారు. అరచేతిలో ఇమిడే ఆ పలకయే ఈ గేటుకు మెదడు.

ఆ మెదడుకు పాఠం చెప్పే పద్ధతి చూచి మాకు ఆశ్చర్యం కలిగినది. బోర్డుమీద ‘లెర్న్’ అనే మీట ఒకటి ఉన్నది. లెర్న్ అనగా నేర్చుకొనుట. ఆ మీటను నొక్కగానే ఒక దీపం వెలుగుతుంది. కొద్ది క్షణాలలోగా కొత్త రిమోటు మీటను నొక్కితే దీపం మిణుకుమని ఆరిపోతుంది. ఇక ఆ రిమోటును గేటు గుర్తుపెట్టుకొన్నది. అదే లెర్న్ మీటను వదలక చాలాసేపు నొక్కి పట్టినచో బోర్డు తన జ్ఞాపకంలోని రిమోటులన్నిటినీ ఒక్కసారిగా మరచిపోతుంది. బోర్డు రకాన్ని బట్టి వివరాలు మారినా పద్ధతి దాదాపు ఇదే. మేము తరగతిలో చెప్పే పాఠాలు ఇంత సులభంగా ఎక్కితే ఎంత బాగుండునో అనిపించినది!

కాని ఈ సౌలభ్యంలోనే ఒక చిక్కు ఉన్నది. అనేక సాధారణ బోర్డులలో పోయిన రిమోటును ఒక్కదానినే తొలగించడం సాధ్యం కాదు. ఒకటి పోయినదంటే అన్నింటినీ చెరిపివేసి, మిగిలినవారందరి రిమోటులను మళ్ళీ ఒకటొకటిగా నేర్పవలె. ఇది శ్రమతో కూడినది గనుక ఎవరూ చేయరు. పోయినది పోయినట్లే ఉంటుంది. అది ఎవరికి దొరికినదో వారికి మన ద్వారం రేయింబవళ్ళు తెరిచి ఉన్నట్లే.

రిమోటులన్నీ ఒక జాతివి కావన్న విషయం కూడా మనం తెలుసుకోవలసి ఉన్నది. పాత తరహా రిమోటులో చిన్న చిన్న స్విచ్‌ల వరుస ఉంటుంది. వాటిని పైకీ క్రిందికీ జరిపి ఒక సంకేతాన్ని ఏర్పరుస్తారు. ఎనిమిది స్విచ్‌లుంటే 256 సంకేతాలు, పన్నెండుంటే 4,096 సంకేతాలు మాత్రమే సాధ్యం. ఆ సంకేతం ఎన్నటికీ మారదు. ఒక్కసారి విన్నవాడు దానిని అనుకరించగలడు. వినకపోయినా సంకేతాలన్నిటినీ వరుసగా పంపి చూడగలడు. 2015లో సామీ కామ్‌కార్ అనే అమెరికా పరిశోధకుడు పిల్లల ఆటవస్తువు నొకదానిని మార్చి, అట్టి స్థిరసంకేతపు గ్యారేజి తలుపులను పది సెకండ్లలోపే తెరువవచ్చునని నిరూపించినాడు. ఇనుపతలుపు ఎంత బరువైనదైతేనేమి, సంకేతం బలహీనమైనప్పుడు?

దీనికి విరుగుడుగా వచ్చినది మారుసంకేతపు రిమోటు. దానిని రోలింగ్ కోడ్ అంటారు. ఇందులో రిమోటుకూ బోర్డుకూ మాత్రమే తెలిసిన రహస్యసంఖ్య ఒకటీ, ఎన్నిసార్లు నొక్కినామో లెక్కించే సంఖ్య ఒకటీ ఉంటాయి. నొక్కిన ప్రతిసారీ సంకేతం మారుతుంది. నిన్నటి సంకేతాన్ని ఈనాడు వినిపిస్తే బోర్డు తలుపు తీయదు. ఈ తరహాలో ప్రసిద్ధి చెందిన కీలాక్ పద్ధతి 1980లలో దక్షిణాఫ్రికాలో పుట్టినది. అయితే అదియును అభేద్యం కాదని 2008లో జర్మనీలోని బోహుమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చాటినారు. తయారీదారుడు దాచుకొన్న మూలరహస్యాన్ని వారు వెలికి తీయగలిగినారు. ఏ తాళమూ శాశ్వతం కాదు. తాళాన్ని గూర్చిన మెలకువయే శాశ్వతంగా ఉండవలసినది.

ఈ సందర్భంలో గోలకొండ కోట మాకు గుర్తుకు వస్తున్నది. ఫతే దర్వాజా గుమ్మటం క్రింద చప్పట్లు చరిస్తే సుమారు కిలోమీటరు దూరాన కొండమీది బాలాహిస్సారులో వినిపిస్తుంది. తీగ లేకుండా దూరానికి సంకేతం పంపే విద్య మన పెద్దలకు తెలియనిది కాదు. అట్టి కోటను 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది మాసాలు ముట్టడించినది. ఫిరంగులు గోడలను కూల్చలేకపోయినవి. చివరకు లోపలి అధికారి ఒకడు లంచానికి లోబడి రాత్రివేళ తలుపు తెరువగా శత్రువు లోనికి ప్రవేశించినాడని చరిత్రకారులు చెబుతారు. కోటను కోల్పోయినది గోడల బలహీనత వలన కాదు, తాళంచెవి ఉండరాని చేతిలో ఉండుట వలన. నేటి రిమోటుకూ ఈ నీతి వర్తిస్తుంది.

ఇంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. గేటుకు ఇరుప్రక్కలా చిన్న నల్లని కండ్లవంటివి అమర్చి ఉండడం మీరు చూచే ఉంటారు. వాటిని ఫొటోసెల్ అంటారు. ఒకదాని నుండి కంటికి కనిపించని కిరణం రెండవదానికి చేరుతూ ఉంటుంది. మూసుకొంటున్న గేటుకు మనిషి అడ్డుపడితే కిరణం తెగుతుంది, గేటు ఆగిపోవడమో వెనుకకు మరలడమో జరుగుతుంది. జరుగవలె. ఒకనాటి సాయంకాలం మూసుకొంటున్న గేటుకు మేము మా గొడుగును అడ్డుపెట్టి చూచినాము. గేటు ఆగలేదు. గొడుగు విరిగినది.

విచారించగా తెలిసినది ఇది. ఫొటోసెల్‌లు గోడకు బిగించి ఉన్నవేగాని బోర్డుకు కలుపబడలేదు. అవి కలుపవలసిన రెండు స్థానాల మధ్య చిన్న తీగముక్కను బిగించి, దారిలో ఎప్పుడూ ఎవరూ లేరని బోర్డును నమ్మించినారు. అమర్చినవారికి అది ఒక గంట పని ఆదా. గొడుగు ఉన్నచోట ఒక పసివాడు ఉంటే? 2010లో బ్రిటన్‌లో కొద్దిదినాల వ్యవధిలో ఇద్దరు బాలికలు విద్యుత్ గేట్లలో చిక్కి ప్రాణాలు కోల్పోయినారు. అమెరికాలో పిల్లల మరణాల తరువాత 1990లో చట్టం చేసి, 1993 జనవరి 1 నుండి తయారయ్యే ఇండ్ల గ్యారేజి తలుపుల యంత్రాలన్నిటికీ ఇట్టి రక్షణ తప్పనిసరి చేసినారు. ఆ నల్లని కండ్ల వెనుక కొందరు తల్లుల కన్నీరున్నదని మరువరాదు. ప్రిన్సిపాలు గారి దృష్టికి తీసుకొనిపోగా మరునాడే తీగముక్కను తీయించి ఫొటోసెల్‌లను కలిపించినారు. అందుకు కృతజ్ఞులము. కాని గొడుగు విరుగనిదే ఆ సంగతి మనలో ఒక్కరికీ తెలియలేదన్న మాట మాత్రం మమ్ము బాధిస్తూనే ఉన్నది.

మరొక దినం వర్షంలో కరెంటు పోయినది. గేటు మూసి ఉన్నది. దూరగ్రామాల నుండి బస్సులలో వచ్చిన విద్యార్థినులు అర్ధగంటకు పైగా తడుస్తూ వెలుపల నిలిచినారు. మోటారును విడదీసి గేటును చేతితో త్రోసే ఏర్పాటు ఇట్టి గేట్లకు ఉంటుంది. దానికొక చిన్న తాళంచెవి. అది ఆఫీసు బీరువాలో భద్రంగా ఉన్నది! గేటు ప్రక్కనే ఉన్న చాచాకు దాని ఉనికియే తెలియదు. విద్యకోసం వచ్చినవారిని ద్వారం దగ్గరే నిలిపివేసిన ఆ అర్ధగంట మన సంస్థ ఆశయానికే విరుద్ధం. చదువు అందనివారికి చదువు అందించడానికే కదా మన పెద్దలు చందాలు పోగుచేసి ఈ కళాశాలను స్థాపించినది?

ఇక చాచాను గూర్చి. గేటు వచ్చినది గనుక కాపలాదారు అక్కరలేదనీ, ఆ జీతం మిగులుతుందనీ కొందరనగా విన్నాము. ఈ వాదాన్ని మేము అంగీకరించజాలము. గేటు సంకేతాన్ని గుర్తిస్తుంది, మనిషిని గుర్తించదు. దొంగిలించిన రిమోటుకూ సొంత రిమోటుకూ దానికి భేదం లేదు. ఎవరి తండ్రికి జబ్బుగా ఉన్నదో, ఏ బాలిక ఏ బస్సు తప్పిపోయి ఆలస్యంగా వచ్చినదో చాచాకు తెలుసు. జీతం మాట నిజమే, మన సంస్థ సంపన్నమైనది కాదు. కాని ఆయనకు ఆ పని నుండి విరామమిచ్చుటకన్న ఆ బోర్డు పని నేర్పుట చౌక. లెర్న్ మీట నొక్కుట, రిమోటు చేర్చుట, చెరుపుట, కరెంటు పోయినప్పుడు గేటును విడిపించుట — ఇవి ఒక పూటలో నేర్వదగిన పనులు.

ఎందుకు నేర్పలేదు? గేటుతో వచ్చిన చిన్న పుస్తకం ఇంగ్లీషులో ఉన్నది. అందులో తెలుగు లేదు, ఉర్దూ లేదు. చాచా ఉర్దూ చక్కగా చదువగలరు. మన గుమాస్తాలు తెలుగు చదువగలరు. అయినా ఇందరు అక్షరాస్యుల మధ్య ఆ పుస్తకం మూగగా పడి ఉన్నది. ఆధునిక విజ్ఞానం మన భాషలలోనికి రాకపోవుట వలన కలిగే నష్టాన్ని సభలలో ఎన్నోసార్లు ఉపన్యసించినాము. ఆ నష్టం మన గేటు దగ్గరే వానలో తడుస్తూ నిలిచినదని ఆనాడు గ్రహించినాము.

కనుక పాలకవర్గం వారికి మా విన్నపాలు ఇవి. మొదటిది, రిమోటులకు ఒక రిజిస్టరు ఉండవలె. ఎవరికి ఏ సంఖ్యగల రిమోటు ఎప్పుడు ఇచ్చినదీ, ఎప్పుడు తిరిగి వచ్చినదీ వ్రాయవలె. రెండవది, రిమోటు పోయినప్పుడల్లాను, ప్రతి విద్యా సంవత్సరాంతమందును బోర్డు జ్ఞాపకాన్ని చెరిపి అర్హులైనవారి రిమోటులను మాత్రమే తిరిగి నేర్పవలె. మూడవది, మనవి స్థిరసంకేతపు రిమోటులా, మారుసంకేతపువా అని విచారించి, స్థిరసంకేతపువైతే మార్పించవలె. నాల్గవది, నెలకొకసారి ఒక అట్టపెట్టెను అడ్డుపెట్టి ఫొటోసెల్‌లు పనిచేస్తున్నవో లేదో పరీక్షించవలె. గొడుగులు ఖరీదైనవి! ఐదవది, గేటును విడిపించే తాళంచెవి చాచా దగ్గర ఉండవలె, చాచా మన దగ్గర ఉండవలె.

విద్యార్థులకు మా మాట ఒకటి. భౌతికశాస్త్ర విద్యార్థులు ఆ పుస్తకాన్ని చదివి, అర్థం చేసుకొని, మా దగ్గరకూ ఉర్దూ ఉపన్యాసకుల దగ్గరకూ రండి. మేమందరమూ కూర్చొని తెలుగులో ఒక పుట, ఉర్దూలో ఒక పుట వ్రాసి, అద్దం వేసి గేటు గదిలో వ్రేలాడదీద్దాము. మీలో ఎందరో రేపు ఇట్టి యంత్రాల నడుమ జీవించవలసినవారు. మీట నొక్కడం మాత్రమే నేర్చినవాడు యంత్రానికి సేవకుడు. మీట వెనుక ఏమి జరుగుతున్నదో ఎరిగినవాడే దానికి యజమాని. ఆ పుట గోడకెక్కిన దినాన, దానిని చదివి మొదటి రిమోటును చాచా స్వయంగా నేర్పగా, ఆ గేటు మొదటిసారి నిజంగా మనదవుతుంది.