డబ్బా వేడికి రెండు బిల్లులు

తమిళనాడులో ఎండ మండిన ఊళ్ల పట్టిక వేస్తే మా తిరుత్తణి పేరు తరచూ పైవరుసలోనే ఉంటుంది. అలాంటి ఊళ్లో, మిద్దె మీది గదిలో మావాడు ఆటల కంప్యూటర్ పెట్టాడు. దాని వెనక జాలీ దగ్గర చెయ్యి పెడితే వడగాలే.

అది తాగే కరెంటంతా చివరికి వేడే అవుతుంది. 300 వాట్లు లాగితే గదిలో 300 వాట్ల హీటరు ఉన్నట్టే. రోజుకు 8 గంటలైతే 60 రోజులకు 144 యూనిట్లు. ఆ వేడిని బయటికి తోయడానికి ఏసీకి మళ్లీ కరెంటు. రెండు నెలల బిల్లులో 2016 నుంచి ప్రభుత్వం ఇస్తున్న 100 ఉచిత యూనిట్లు ఈ ఒక్క డబ్బాకే చాలవు. రెండు నెలల వాడకం 500 దాటిందా, 101 నుంచి 200 దాకా ఉన్న చౌక ధరా పోతుంది.

ఇది కొన్న తిరువళ్లూరు అంగడిలో గ్రాఫిక్స్ కార్డు గొప్పలు బోలెడు చెప్పారు, వాట్ల ఊసే లేదు. (పెట్టె మీద రాసిన 750 వాట్లు పవర్ సప్లై సామర్థ్యం, వాడకం కాదు.) ఫ్రిజ్‌కు కరెంటు పొదుపు చుక్కలు (స్టార్ రేటింగ్) అంటించినట్టే ఈ ఆటల కంప్యూటర్లకూ తప్పనిసరిగా అంటించాలి. చదువుకైతే 50 వాట్ల ల్యాప్‌టాప్ చాలు. అదే లెక్కన 24 యూనిట్లు. ఆటలంటావా, పొద్దుగూకాక కిటికీలు తీసి ఆడుకోరా అన్నాను.