173 దగ్గర ఆగిపోతున్న లెక్క

సంపాదకులకు,

ఇంటర్‌లో కేంద్రక విచ్ఛిత్తి లెక్క మన పిల్లలందరూ చేస్తారు. యురేనియం 235 ఒక న్యూట్రాన్‌ని మింగి బేరియం 141, క్రిప్టన్ 92, మూడు న్యూట్రాన్లుగా చీలితే 236.0526 ప్రమాణాల ద్రవ్యరాశి 235.8666కి దిగుతుంది. తగ్గిన 0.186ని 931.5తో గుణిస్తే 173 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. పుస్తకం మాత్రం సుమారు 200 అంటుంది. ఈ తేడా ఏమిటని నా తరగతిలో ఏటా ఒక్కరైనా అడిగేవారు. మొదట్లో నేనూ సరిగా చెప్పలేదు.

ఈ బేరియం, క్రిప్టన్ నిలిచేవి కావు. అంచెలంచెలుగా మారి, చివరికి ప్రేసియోడిమియం, జిర్కోనియం అయ్యాకే కుదుటపడతాయి. వాటి ద్రవ్యరాశి వేసి లెక్కిస్తే 199 వస్తుంది. 173కి పైన వచ్చిన ఆ 26లో కొంత న్యూట్రినోలు పట్టుకుపోతాయి. మిగిలింది వేడి. కొన్ని మార్పులు సెకన్లలో ముగుస్తాయి. దారిలో వచ్చే సీరియం 141 సగం తగ్గడానికే నెల దాటుతుంది. సంలీనంలో ఈ బాధ లేదు: డ్యుటీరియం, ట్రిటియం కలిస్తే 17.6, పుట్టిన హీలియం స్థిరం, లెక్క అక్కడితో సరి.

ఈ 26 మన జిల్లాకు కావలసిన అంకె. రణస్థలం మండలం కొవ్వాడలో 1208 మెగావాట్ల ఏపీ-1000 రియాక్టర్లు ఆరు పెట్టాలన్నది ప్రతిపాదన. ఒక్కోదానిలో పుట్టే వేడి సుమారు 3400 మెగావాట్లు. ఆ అంచెలంచెల మార్పులు ఆగవు కనుక, రియాక్టరును ఆపేసిన క్షణాన కూడా అందులో ఆరేడు శాతం, అంటే 200 మెగావాట్లకు పైగా, వస్తూనే ఉంటుంది. 2011 మార్చి 11న ఫుకుషిమాలో భూకంపానికి రియాక్టర్లు వాటంతటవే ఆగాయి; సునామీ జనరేటర్లను ముంచాక ఇంధనాన్ని కరిగించింది ఈ మిగులు వేడే. ఏపీ-1000 నెత్తిన నీళ్ల ట్యాంకు పెట్టి, కరెంటు లేకున్నా 72 గంటలు చల్లబడేలా రూపొందించింది ఇందుకే. మంచి ఏర్పాటే. కానీ 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత మన జిల్లాలోని ఉద్దానం ఎన్ని రోజులు చీకట్లో ఉందో, చెట్లు పడి ఎన్ని దారులు మూసుకుపోయాయో మాకు తెలుసు. నాలుగో రోజు నీళ్లెలా అందుతాయో గ్రామసభలో అడగాలంటే ముందు ఈ లెక్క రావాలి.

అందుకే పాఠం చెప్పేవారికి నా విన్నపం. పాఠం 200 దగ్గర ఆపకుండా ఇంకొక్క ప్రశ్న చేర్చండి: రియాక్టరు ఆపి ఒక రోజైంది, వేడి అర శాతానికి తగ్గింది, గది ఉష్ణోగ్రతలో ఉన్న నీరు పోస్తే గంటకు ఎంత ఆవిరవుతుంది? జవాబు దాదాపు 24 వేల లీటర్లు. మా నౌపడ పిల్లలకు ఇలా చెబుతున్నాను: అయిదు వేల లీటర్ల ట్రాక్టరు ట్యాంకర్లు గంటకు అయిదు, రాత్రీ పగలూ.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, నౌపడ