రుణపడని పిల్లాడు

మొన్నొక గృహప్రవేశంలో ఓ పెద్దాయన పదేళ్ల కుర్రాడి భుజం మీద చెయ్యేసి, "వీడికి అమ్మానాన్నా లేరు, మేమే సాకుతున్నాం" అని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు. విన్నవాళ్లు "ఎంత పుణ్యమండీ" అంటున్నారు. వాడేమో తల వంచుకుని నిలబడ్డాడు. పుణ్యం మీకే ఉంచుకోండి. వాడి ఎదుట ఆ లెక్కలెందుకు?

ఇలాంటివాళ్లను కూర్చోబెట్టి చూపించాల్సిన సినిమా 'హంట్ ఫర్ ది వైల్డర్‌పీపుల్'. బారీ క్రంప్ 1986లో రాసిన నవల ఆధారంగా న్యూజిలాండ్ దర్శకుడు తైకా వైటిటి 2016లో తీశాడు. అందులో రికీ బేకర్ పెంపకానికి ఇచ్చిన ఏ ఇంట్లోనూ నిలవని బొద్దు పిల్లాడు. దొంగతనం, ఉమ్మేయడం, రాళ్లు రువ్వడం అంటూ వాడి నేరాల చిట్టా అప్పజెప్పి, సంక్షేమ శాఖామె అడవి పక్క ఇంట్లో దింపేసి పోతుంది. ఆ రాత్రే వాడు పారిపోతాడు. తెల్లారి కూతవేటు దూరంలో దొరికితే ఆ ఇంటావిడ బెల్లా తిట్టదు. టిఫిన్ తిని మళ్లీ పారిపొమ్మంటుంది! రాత్రుళ్లు పక్కలో వేడినీళ్ల బ్యాగు పెడుతుంది. దయ అంటే అదీ, చాటింపు లేనిది.

బెల్లా హఠాత్తుగా పోతుంది. మిగిలింది ఆమె భర్త హెక్. శామ్ నీల్ వేసిన ఈ ముసలాయనకు పిల్లాడి పొడే గిట్టదు. శాఖవాళ్లు వెనక్కి తీసుకుపోతారని తెలిసి రికీ అడవిలోకి ఉడాయిస్తాడు. వెతుక్కుంటూ వెళ్లిన హెక్ కాలు విరగ్గొట్టుకుంటాడు. బయట అందరూ అతను పిల్లాణ్ని ఎత్తుకుపోయాడనుకుంటారు. ఇక పోలీసుల వేట, మన నవ్వులు. హెక్‌కు చదువు రాదు, రికీకి అడవి తెలీదు. ఒకరి లోటు ఇంకొకరు పూడుస్తారు. ఎవరూ ఎవరికీ రుణపడరు.

ఇది ఉత్త వినోదమనుకునేవాళ్లకు ఒక అంకె. 1950–2019 మధ్య ప్రభుత్వ, మతసంస్థల సంరక్షణలో సుమారు 2 లక్షల మంది హింసకు, నిర్లక్ష్యానికి గురయ్యారని న్యూజిలాండ్ రాయల్ కమిషన్ 2024లో అంచనా కట్టింది. అందులో మావోరీల వాటా ఎక్కువ. ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. వైటిటి ఎనిమిదేళ్ల ముందే ఆ సంక్షేమ శాఖను నవ్వులపాలు చేశాడు.

మన సినిమాల్లో అనాథ బుద్ధిమంతుడై తీరాలి. పాట పాడాలి, అన్నం పెట్టినవాళ్ల కోసం ప్రాణం ఇవ్వడానికి సిద్ధపడాలి. దొంగబుద్ధి ఉన్న పిల్లాణ్ని కూడా ప్రేమించవచ్చని మనవాళ్లకు తోచదు. తోచడానికి పిల్లల మంచి సినిమాలు చూసే చోటేదీ? అంతర్జాతీయ బాలల చిత్రోత్సవానికి హైదరాబాద్ శాశ్వత వేదికని గొప్పగా చెప్పుకున్నాం. 20వ ఉత్సవం 2017లో జరిగింది. 2019లో రావాల్సింది రాలేదు. దాన్ని నడిపిన బాలల చిత్ర సమితిని కేంద్రం 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిపేసింది. ఇక్కడ ఒక్క నిర్మాతైనా రోడ్డెక్కాడా? పెద్ద హీరో సినిమా వస్తుందంటే టికెట్ రేట్లు పెంచుకోమని రాత్రికి రాత్రే జీవోలిస్తారు. పిల్లల సినిమాకు ఆదివారం ఒక్క మార్నింగ్ షో ఇమ్మని మాత్రం ఏ సర్కారూ జీవో ఇవ్వదు. పిల్లలకు ఓటు లేదు మరి, అభిమాన సంఘమూ లేదు.