మనీప్లాంట్‌కు రోజూ నీళ్లెందుకు?

మనీప్లాంట్ నీళ్లు లేక చనిపోవడం అరుదు. ఇళ్లలో దాని ప్రాణం తీసేది ఎక్కువగా రోజూ పోసే చెంబెడు నీళ్లే. వేళ్లకు తేమతో పాటు గాలీ కావాలి. కుండీలో మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే రేణువుల మధ్య ఖాళీలు నీటితో నిండిపోయి, ఆక్సిజన్ అందక వేళ్లు కుళ్లుతాయి. అప్పుడు ఆకులు పసుపెక్కి వాలిపోతాయి. దాహమేమోనని మనం ఇంకా పోస్తాం. అందుకే వారానికి ఇన్నిసార్లని లెక్క పెట్టుకోవద్దు. మట్టిలోకి వేలు రెండు కణుపుల దాకా దించి చూడాలి. పొడిగా తగిలితేనే, అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచింది పారబోయాలి.

సీసా నీళ్లలో ఏళ్ల తరబడి బతికే తీగకు నీళ్లెక్కువైతే నష్టమేమిటని అడగవచ్చు. సబబైన ప్రశ్నే. కానీ నీళ్లలో పుట్టిన వేళ్లు అందులో కరిగిన ఆక్సిజన్‌తో బతకడానికి అలవాటు పడతాయి. మట్టిలో పెరిగిన వేళ్లకు ఆ అలవాటు లేదు. పైగా సీసాకూ శ్రద్ధ తప్పదు. నిలవ నీటిలో డెంగీ దోమ గుడ్డు నుంచి దోమయ్యేందుకు వారం పది రోజులు చాలు కాబట్టి, వారం తిరగకముందే నీళ్లు మార్చి, సీసా లోపలి గోడలు రుద్ది కడగాలి. ఇక కుండీ విషయానికొస్తే, ఎండాకాలంలో మట్టి త్వరగా ఆరుతుంది, వానాకాలంలో ఆలస్యమవుతుంది. ఏ కాలంలోనైనా వేలితో తాకి చూసి పోయడమే అసలైన సంరక్షణ.