ఎద్దుకూ కావాలి సరదా!

శ్రావణ అమావాస్య వస్తే బోధన్ వైపు పల్లెల్లో ఎడ్లకు పండగే. మహారాష్ట్ర వాళ్లకది పోలా, ఇక్కడివాళ్లకు పొలాల అమావాస్య. ఆ రోజు కాడి కట్టరు. కడిగి, కొమ్ములకు రంగులేసి ఊరేగిస్తారు. మరి మర్నాటి సంగతి?

బోధన్‌లో 1937లో పుట్టిన నిజాం షుగర్స్ 2015లో మూతపడింది. అన్నేళ్ల చెరకు వెనక ఎడ్ల కష్టమెంతో రైతుకు తెలుసు. మేత వేశాం, కొట్టంలో కట్టేశాం... చాలనుకోవడం మాత్రం మనిషి లెక్క!

పశువుకు లేవడానికి, పడుకోవడానికి, వెనక్కి తిరగడానికి, ఒళ్లు నాక్కోవడానికి, కాళ్లు చాపుకోవడానికైనా చోటుండాలని 1965లో బ్రిటన్‌లో బ్రాంబెల్ కమిటీ చెప్పింది. ఇప్పటి శాస్త్రజ్ఞులకు అదీ చాలదు. ఆకలి, దెబ్బ, రోగం లేకపోతే సరిపోదు, రోజులో కాస్త ఆనందమూ ఉండాలంటున్నారు. జూలలో ఎలుగుబంటి తిండిని దాచిపెట్టి వెతుక్కోనిచ్చేది అందుకే.

ఎద్దుకు అంత హంగామా అక్కర్లేదు. పనయ్యాక నీడలో తీరిగ్గా నెమరేసుకోనివ్వాలి. మెడ రుద్దుకోవడానికో గుంజ. జోడెడ్లను పక్కపక్కనే కడితే ఒకదాన్నొకటి నాక్కుంటాయి, అవే వాటి కబుర్లు! విప్పగానే దూడ తోకెత్తి గెంతడం చూశారుగా? అది ఆకలికి కాదు, ఉత్త ఆట. దానికి కావలసిందల్లా కాస్త ఖాళీ జాగా. చాలా కొట్టాల్లో పలుపు మాత్రం మూరెడే.