బొమ్మలకు బహిష్కారమా!

గడచిన మాసమున మా పెద్దాపురమున నొక సభ జరిగెను. సభ యనగానే పాఠకులు మహాజనసభ నూహింపవలదు. ఒక పఠనమందిరపు కార్యవర్గము. సభ్యులు తొమ్మండుగురు, కుర్చీలు పండ్రెండు, తేనీరు రెండు మారులు. పట్టణపు యువకులు కొందరొక విజ్ఞప్తి తెచ్చిరి. వేసవి సెలవులలో వారమున కొక సాయంకాలము మందిరమున తెరగట్టి, జపానుదేశపు బొమ్మల చలనచిత్రములను, వానితో బాటు మన పాత జానపద చిత్రములను ప్రదర్శించి, పిమ్మట వానిని గూర్చి చర్చ జరుపుకొందుము, అనుమతి దయచేయుడని వారి ప్రార్థన. కార్యవర్గమువారు పావుగంటలో తీర్మానము చేసిరి. ఆ చిత్రములు విదేశీయములు, రాక్షసకృత్యములతో నిండిన భయంకరములు, పసిపిల్లల కాటవస్తువులే గాని పెద్దల కుపయోగింపనివి, కావున మందిరమున వానికి తావు లేదు అని దాని తాత్పర్యము. ఏడుగురు చేతులెత్తిరి. ఇరువురు కాదనిరి. ఆ యిరువురిలో మేమొకరము.

మేము సభవారి నొక్క ప్రశ్న మాత్రమే యడిగితిమి. ఈ చిత్రములలో నొక్కదానినైన తమలో నెవరు చూచిరి? సమాధానము లేదు. ఒక పెద్దలు మాత్రము, తమ మనుమడు చూచుచుండగా వెనుకనుండి కొంచెము కనబడినదని సెలవిచ్చిరి. ఇరువది యేండ్లుగా న్యాయస్థానముల మెట్లెక్కి దిగుచున్నారము. సాక్షిని విచారింపక, ముద్దాయి మొగమైన చూడక శిక్ష విధించిన న్యాయాధిపతి మా కింతవరకు తటస్థింపలేదు. అట్టి న్యాయము పుస్తకముల నడుమ, దేశభక్తుల పటముల క్రింద జరుగుట చూచి మా మనస్సు నొచ్చినది. ఊరూర పుస్తకశాలలు నెలకొల్పి, పడవలమీద సైతము పుస్తకములు పంపి, జనులకు లోకజ్ఞానము కలిగింపవలెనని బయలుదేరిన గ్రంథాలయోద్యమమునకు మేమును స్వచ్ఛందసేవకులమే. తలుపులు తెరచుట మా పని యనుకొంటిమి గాని మూయుట యని యెరుగము.

మేము చూచితిమి. దాచనేల? నలుబది దాటిన ప్లీడరు బొమ్మల సినిమాకు పోవుట యేమని నవ్వువారు నవ్వుదురు గాక. 2025 సెప్టెంబరు 12వ తేదీన మనదేశమున తెలుగు మొదలగు భాషలలో విడుదలయైన ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాసిల్’ అను చిత్రమునకు మా అన్నకుమారుడు పట్టుబట్టి మమ్ము కాకినాడ గొనిపోయెను. రెండున్నర గంటలకు పైబడిన చిత్రము. మొదటి పావుగంట కన్నులు తిరిగినవి. అదియొక మాయాకోట, అందులో గదులు తలక్రిందుగా వ్రేలాడును, మెట్లు ఎక్కుచుండగనే దిగుమెట్లగును, నేలయైనది గోడయగును, మనుష్యులు అంతులేని లోతునకు పడుచునే యుందురు. మయసభలో దుర్యోధనుడు పడిన పాటును వ్యాసభట్టారకుడు చెప్పగా విని నవ్వితిమి. ఇచ్చట మేమే పడితిమి.

కథ చూతము. కాలము జపానుచక్రవర్తి తైషో యేలిన రోజులు, అనగా 1912 మొదలు 1926 వరకు. కొండమీద బొగ్గులమ్ముకొని బ్రదుకు కుటుంబములో పెద్దకుమారుడు తంజిరో. అతడు ఊరికి పోయి వచ్చునప్పటికి రాక్షసు డింటివారిని చంపిపోయెను. చెల్లెలు నెజుకో యొక్కతె మిగిలినది, మిగిలియు రాక్షసియైనది. ఐనను ఆమె నరమాంసము ముట్టదు. ఎండ సోకిన రాక్షసులు భస్మమగుదురు గనుక అన్న ఆమెను పెట్టెలోనుంచి, ఆ పెట్టెను వీపున మోసికొనుచు, ఆమెను మరల మనిషిని జేయుమార్గము వెదకుచు కత్తి పట్టును. కొయోహరు గొతోగె 2016 మొదలు 2020 వరకు ఒక బాలుర వారపత్రికలో వ్రాసి గీసిన బొమ్మలకథ యిది. తోబుట్టువును వీపున మోయు నీ యన్నను చూచి ‘విదేశీయుడు’ అని మొగము త్రిప్పుకొనువారి ఇండ్లలో ఆడపడుచులకు పుట్టింటి గడప యెంతమాత్రము తెరచియున్నదో మాకు కొంత తెలియును. ఆస్తి వ్యాజ్యముల కాగితములు మా చేతిమీదుగనే పోవుచుండును.

ఇక రాక్షసకృత్యముల మాట. ఈ చిత్రములో అకజా యను రాక్షసుని వృత్తాంతము ప్రాణము వంటిది. (చూడగోరువారు ఈ యొక్క పేరా విడిచి చదువవచ్చును.) అతడు పూర్వము హకుజి యను పేదపిల్లవాడు. జబ్బుపడిన తండ్రి మందుకై దొంగిలెను. పట్టుబడి చేతులమీద దొంగముద్రలు పొడిపించుకొనెను. కొడుకునకు తనవలన ఈ గతి పట్టెనని తండ్రి యురిపోసికొనెను. తరువాత నొక మల్లవిద్యాగురువు అతనిని చేరదీసి, మంచముపట్టిన తన కుమార్తెకు పరిచర్య చేయుమనెను. చేసెను, ఆమె కోలుకొన్నది, వివాహము నిశ్చయమైనది. అంతట పొరుగు వ్యాయామశాలవారు అసూయచేత నూతిలో విషము కలిపి ఆ తండ్రిని, ఆ బిడ్డను చంపిరి. హకుజి ఒట్టిచేతులతో అరువదియేడుగురిని చంపెను. పిమ్మట రాక్షసరాజు వానిని తనవానిగా జేసికొనెను. పూర్వస్మృతి యంతయు పోయినది. వందయేండ్లు దాటి, తల తెగిన పిమ్మట ఆ స్మృతి మరలి వచ్చును. అప్పుడతడు యుద్ధము మానును. తన్ను తానే నాశనము చేసికొనును.

ఇది రాక్షసకృత్యమును పొగడుటయా? జయవిజయులు శాపముచే హిరణ్యాక్ష హిరణ్యకశిపులైరని, వైరముచేతనే తరించిరని చెప్పుకొను జాతికి ఈ కథ అర్థము కాదా? రాక్షసుని కడుపున ప్రహ్లాదుడు పుట్టెనని, పాతాళమునకు త్రొక్కబడిన బలి మహాదాత యని బిడ్డలకు చెప్పుకొను మనకు, చచ్చుచున్న రాక్షసుని చేయిపట్టుకొని వానికై ప్రార్థించు తంజిరో పరాయివాడెట్లగును? రాక్షసుని చంపవలెను, కాని ద్వేషింపనక్కరలేదు అను ధర్మము మనకు క్రొత్త కాదు, మరచితి మంతే.

తీర్మానములో మరియొక వింత కలదు. ఆ చిత్రములు మిక్కిలి భయంకరములనియు వ్రాసిరి, పసిపిల్లలకే తగినవనియు వ్రాసిరి. ఒకే వస్తువు రెండు నెట్లగును? ఈ చిత్రము పసిపిల్లలకు చూపదగినది కాదు, నెత్తురు మెండు. ఆ మాట యువకులకు మేమే చెప్పితిమి, వారొప్పుకొనిరి. కాని బొమ్మయైనంతమాత్రమున పిల్లలదే యగునన్న సిద్ధాంత మెచ్చటిది? మాకు కొలది మైళ్ళలో, సామర్లకోట దాటిన వెనుక, మాధవపట్నమున్నది. తోలుబొమ్మలాట కది పుట్టినిల్లువంటిది. మనిషి యెత్తు బొమ్మలు, మేకతోలుమీద రంగులు, వెనుక దీపము, ముందు తెల్లని తెర. రామరావణ యుద్ధము తెల్లవారువరకు సాగును. నడుమ జుట్టుపోలిగాడును బంగారక్కయు వచ్చి యాడు సరసము పిల్లలకా? ముసలివారు గొంగళ్ళు కప్పుకొని తెల్లవార్లు కూర్చుండినది పిల్లల బొమ్మలకా? వెలుగునకు ముందు బొమ్మ నాడించి, నీడచేత యుద్ధము చేయించి, దేవదానవులను పల్లెవాకిట నిలిపిన జాతి, బొమ్మల సినిమాను చూచి ‘ఇది బాలక్రీడ’ యనుట తాత నెరుగని మనుమడు ముత్తాతను పరిహసించినట్లున్నది.

మరియు పెద్దాపురమువా రీ మాట యనుటయా! అంజలీదేవి యెచ్చట పుట్టినది? 1927లో ఈ యూరనే. కాకినాడలో నాటకములాడి, చిత్రసీమకు పోయి, 1949లో ‘కీలుగుఱ్ఱము’న రాజును మోహింపజేసి రాణిగా వచ్చిన రాక్షసి వేషము వేసినది. రాత్రివేళ కోటలో ఆమె చేయు ఘోరములకు, ఆకసమున నెగురు కొయ్యగుఱ్ఱమునకు ఆంధ్రదేశమంతయు టిక్కెట్లు కొని కూర్చుండెను. ఆమెయే 1963లో ‘లవకుశ’లో సీత. రక్కసి వేషము వేసిన దోషమునకు ఆమెకు సీత వేషము తగదని మన తాతలు తీర్మానము చేయలేదు; బండ్లు కట్టుకొని పోయి చూచిరి. 1942లో జెమినీవారి ‘బాలనాగమ్మ’ను మన గోదావరి సీమవాడే చిత్తజల్లు పుల్లయ్య తీసెను, ఏడు సముద్రముల కావల చిలుకలో ప్రాణము దాచుకొన్న మాంత్రికుని కథ బుఱ్ఱకథవారి నోట వినని తెలుగు పల్లె యుండెనా? రాజమహేంద్రవరమున మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలు పండ్రెండు సంపుటములు వ్రాసి యిచ్చెను. 1951 నాటి ‘పాతాళభైరవి’కి బీజము ఆ కథల పొలములోనిదే. నేపాళమాంత్రికుడుగా యస్.వి.రంగారావు గడ్డము నిమురుకొనినప్పుడు జడిసినవా రెందరు, మురిసినవా రెందరు! మాయలు, మంత్రములు, రక్కసులు, కత్తులు: మన యింటి సరుకు. జపానువారు తమ యింటి సరుకును తమవిధమున తూచి యమ్ముచున్నారు. మన కొట్టు మనము మూసికొని, ఎదుటి కొట్టువానిమీద కోపమేల?

విదేశీయమన్న యాక్షేపణకు వత్తము. 1983లో రామాయణ స్థలముల త్రవ్వకములను గూర్చి చిత్రము తీయవచ్చిన యుగో సాకో అను జపానీయుడు, రామకథకు వశుడై, దానిని బొమ్మలలో చెప్పవలెనని తలచెను. రాముని బొమ్మగా గీయుట యపచారమని మనదేశముననే యాక్షేపణలు లేచినవి. చిత్రము జపానున తయారైనది. మన బొమ్మల చిత్రకళకు పెద్దయైన రామ్ మోహన్ దానికి దర్శకులలో నొకడు. 1992లో పూర్తియైన ఆ రామాయణము మన సినిమాహాళ్ళకు తెలుగు మాటలతో వచ్చినది 2025 జనవరి 24న. ఆ మాటల కూర్పును పర్యవేక్షించినవారు కొవ్వూరున పుట్టిన విజయేంద్రప్రసాద్. ముప్పదియేండ్లకు పైగా రామునికి మన వాకిట వాయిదాలు! గీచిన సాకో 2012లోనే పోయెను. ఈ వ్యాజ్యములో ఖర్చు లెవరు చెల్లింపవలెను? అదే సంవత్సరము జూలై 25న వచ్చిన ‘మహావతార్ నరసింహ’ యను స్వదేశపు బొమ్మల చిత్రమునకు జనము తండోపతండములుగా పోయినది. ఆ చిత్రమును మెచ్చుకొన్న నోళ్ళే మా తీర్మానమునకు తాళము వేసినవి. ఆ చిత్రములో నరసింహుడు చేసినపని తులసిదళములతో పూజ కాదు గదా!

స్వదేశీయత కూడదని మేమనము. కొరియావారిని చూడుడు. జపాను వారిని ముప్పదియైదేండ్లు పాలించి పీడించినది. తంజిరో చెవిపోగులమీది రేఖలు ఆనాటి యుదయసూర్యధ్వజమును తలపించుచున్నవని వారు కోపించిరి. వారిదేశమునకు పంపిన చిత్రములో ఆ గీతలు మార్చబడినవి. మార్చిన పిమ్మట లక్షలకొలది చూచిరి. ఖండింపదగినదానిని పేరుపెట్టి ఖండించిరి, చూడదగినదానిని చూచిరి. మా తీర్మానమున నట్టి పేరొక్కటి యున్నదా? మరి స్వదేశీయతను వల్లించిన యీ యేడుగురు పెద్దలలో మాధవపట్నము బొమ్మలవారిని కడసారి యెవరు, ఏ యేట, ఏ యుత్సవమునకు పిలిచిరో చెప్పగలరా? మరిడమ్మతల్లి జాతరకు పెద్ద శబ్దయంత్రములు తెప్పించుట మేమెరుగుదుము.

యువకులను మేము వెనుకవేసికొని వచ్చుచున్నామని వారు పొంగిపోవలదు. వారితోడను మాకు తగవున్నది. మొదటిది దొంగప్రతులు. ఎవడో సినిమాహాలులో దొంగచాటున తీసిన మసకబొమ్మను చేతిఫోనులో చూచి ‘కళ’ను గూర్చి యుపన్యసించుట మేము సహింపము, నెలలకొలది కూర్చుండి ఒక్కొక్క యాకునకు రంగువేసిన చేతులకది ద్రోహము. రెండవది, జపాను పేర్లు నూరు గడగడ చెప్పువారికి మార్కస్ బార్ట్‌లే పేరు తెలియదు. యంత్రగణితము లేని 1957లో ‘మాయాబజార్’ లడ్డును ఘటోత్కచుని నోటికెగిరించినవా డతడే. తెలుగుమాటల ప్రతిని హేళన చేయుట మరియొక వ్యసనము. ఆ ప్రతులలో లోపములు లేవనము. పెదవుల కదలికకు సరిపడిన చాలునని వ్రాసిన మాట మాంత్రికుని నోట పలుచబడును. పింగళి నాగేంద్రరావు రాక్షసులకొక భాషయే కల్పించి యిచ్చెను. అటువంటి కలము వెదకి పట్టి పనియిమ్మని వ్యాపారులకు వ్రాయవలెను గాని, మాతృభాషలో వినుటయే నామోషీ యనుట యేమి?

చిత్రమునకు వందిమాగధత్వము కూడ చేయము. కత్తి యెత్తిన క్షణమున పూర్వకథ యెత్తుకొని, అది ముగిసి మరల కత్తి దిగునప్పటికి మాకొకమారు కునుకు పట్టినది. దీనికి మా అన్నకుమారు డిప్పటికిని మమ్ము క్షమింపలేదు. మూడు భాగములలో నిది మొదటిది. కథ నడిమింట విడిచి దీపములు వేసిరి. కాశీమజిలీలలో సిద్ధుడైన మజిలీకొక కథ ముగించెను.

కార్యవర్గము మరల ఆషాఢమునకు ముందు కూడును. తీర్మానమును పునర్విచారింపవలెనని మేము వ్రాతమూలకముగ నోటీసు నిచ్చితిమి. మా సవరణ యిది: ‘కీలుగుఱ్ఱము’ నొకనాడు, సాకో రామాయణము నొకనాడు, హక్కుదారుల యనుమతి పత్రములు చేతబట్టుకొనియే ప్రదర్శింపవలెను, పదునారేండ్లు దాటినవారికి ఒక జపాను చిత్రము, నాలుగవ రాత్రి తోలుబొమ్మలాట. బొమ్మలవారితో మా సొంతబాధ్యతమీద మాటలాడితిమి. పారితోషికము సంగతి వారు పిమ్మట నెత్తిరి. మొదట నడిగినది, తెరకు వెదురుగడలు మందిరమువా రిత్తురా, తాము తెచ్చుకొనవలెనా యని. గడలు మా యింటి దొడ్డిలో నున్నవి.